పదకొండు రోజుల్లో పగిలిన ఫ్రేము, పదకొండు వారాల లెక్క: నా అనుభవం

2024 జూన్ 12, బుధవారం. మాధాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి ఉండగా నాన్న ఫోను చేశారు. ఆఫీసు వేళల్లో ఆయన నాకు ఎప్పుడూ ఫోను చేయరు. "ఫ్రేము పగిలిందట అమ్మా" అన్నారు. ఏ ఫ్రేము, ఎక్కడ, ఎంత మేర అని నేను అడుగుతూనే ఉన్నాను, అవతల నుంచి జవాబు లేదు. ముప్పై ఏళ్లుగా బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్న మనిషి. వెల్డు దగ్గర పగిలిందన్న మాట ఆయనకు ఎక్కడ తగిలిందో గొంతు చెబుతూనే ఉంది.

జీడిమెట్లలోని ఒక మందుల ఫ్యాక్టరీకి మే నెలాఖరున మేము చేసి పంపిన స్టాండు అది. స్క్రబ్బరు (ఫ్యాక్టరీ వాయువులను కడిగి శుభ్రం చేసే యంత్రం) నుంచి గాలి లాగే బ్లోయరు, దాని మోటారు కలిపి 180 కిలోలు. వాటిని నేలకు రెండడుగుల ఎత్తున మోయాలి. నాలుగు కాళ్లకు 50 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, అడ్డ కమ్మీలకు 40 మిల్లీమీటర్ల ట్యూబు. రెండూ '3 ఎంఎం' అని చెప్పి రాణీగంజ్‌లో కొన్నవే. జూన్ 1న బ్లోయరు తిరగడం మొదలైంది. పదకొండు రోజులకు, అడ్డ కమ్మీ కాలికి అతుక్కున్న చోట, వెల్డు అంచు వెంబడి వెంట్రుకంత గీత కనిపించింది.

మర్నాడే దాన్ని షెడ్డుకు తెచ్చారు. గీతను గ్రైండరుతో కోసి, మళ్లీ వెల్డు చేసి, ప్రతి మూలలో 6 మిల్లీమీటర్ల రేకుతో త్రికోణపు గసెట్ (మూలకు ఆసరా రేకు) అతికించారు. "ఇక ఏనుగు ఎక్కినా కదలదు" అన్నారు నాన్న. 15న బిగించారు. 24న ఫోను వచ్చింది. ఈసారి గీత గసెట్ కొన దగ్గర మొదలైంది. తొమ్మిది రోజులు.

ఫ్యాక్టరీ వాళ్లు అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. బలం, కంపనం రెండూ కంప్యూటర్‌లో లెక్కగట్టిన రిపోర్టు ఇస్తేనే కొత్త ఫ్రేము తీసుకుంటామని, అప్పటిదాకా పాత బిల్లులతో కలిపి మాకు రావలసిన 1,10,000 రూపాయలు ఆపుతామని ఈమెయిల్ పెట్టారు. ఈలోగా గసెట్లు కోసేసి, గీత పూడ్చి, పగటి షిఫ్టులో మాత్రమే నడుపుతామన్నారు.

రెండు చోట్ల ధర అడిగాను. ఒకరు 45,000, దానిపై 18 శాతం జీఎస్టీ, మూడు వారాల గడువు అన్నారు. ఇంకొకరు 28,000 అన్నారు కానీ అందులో బలం ఒక్కటే ఉంది. కంపనానికి వేరే ధర. మేము ఆ ఫ్రేముకు వేసిన బిల్లు 26,000. నాన్న ఆ కొటేషన్లను మడిచి జేబులో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు. నేనూ మెకానికలే చదివాను, తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పడ్డాను. కాలేజీ చివరి ఏడాది ప్రాజెక్టులో ఒక బ్రాకెట్‌కు కంప్యూటర్‌లో రంగులు పూయించి మార్కులు తెచ్చుకున్న అనుభవం ఒకటి ఉంది. ఆ మాత్రం ధైర్యంతోనే నేను చేస్తానన్నాను.

ముందు ఫ్యాక్టరీ ఇంజినీరింగ్ మేనేజరును అడిగాను, ఉచిత సాఫ్ట్‌వేరుతో చేస్తే ఒప్పుకుంటారా అని. "దేనితో చేసినా నాకు అభ్యంతరం లేదు. మీ లెక్కా, నా మిషను మీద కొలతా ఒకదానితో ఒకటి సరిపోవాలి" అన్నారాయన. ఆ రోజు అది గొంతెమ్మ కోరికలా అనిపించింది.

జూన్ 29, శనివారం రాత్రి కూర్చున్నాను. బొమ్మ గీయడానికి ఫ్రీక్యాడ్, లెక్క కట్టడానికి క్యాల్క్యులిక్స్, దానికి ముందూ వెనకా పనులకు ప్రీపోమ్యాక్స్. మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. మొదట తేలిక దారి పట్టాను: ట్యూబులను గీతలుగా, అతుకులను చుక్కలుగా అనుకునే బీమ్ మోడల్. పైన బరువు, కింద నాలుగు కాళ్లూ నేలకు గట్టిగా బిగించినట్టు. తెల్లవారుజామున రెండింటికి జవాబు వచ్చింది. ఫ్రేము సహజంగా సెకనుకు 0.98 సార్లు ఊగుతుందట. ఇనుప స్టాండు కాదు, కొబ్బరి చెట్టు!

ఈ తప్పు పట్టుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, ఆఫీసు పని మధ్యలో కాబట్టి. పొడవులు మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో ఇస్తే, బరువులు కిలోల్లో కాదు, టన్నుల్లో ఇవ్వాలి. ఉక్కు సాంద్రత 7.85 పక్కన పది ఘాతం మైనస్ 9 ఉండాలి, నేను మైనస్ 6 పెట్టాను. మోటారు బరువూ అంతే, 0.18 రాయవలసిన చోట 180 రాశాను. వెయ్యి రెట్లు ఎక్కువ బరువంటే ఫ్రీక్వెన్సీ వెయ్యికి వర్గమూలమంత, అంటే 31.6 రెట్లు తగ్గుతుంది. సాఫ్ట్‌వేరు ఒక్క మాట కూడా అడగదు. ఇచ్చింది తీసుకుంటుంది.

సరిచేస్తే 31 హెర్ట్జ్, అంటే సెకనుకు 31 ఊపులు వచ్చాయి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 24. ఈ రెండూ దగ్గరైతేనే ఊపు విపరీతంగా పెరుగుతుంది. ఫ్రేము ఊపు 31, మిషను ఊపు 24, రెంటికీ చాలా దూరం. అంటే డిజైన్ తప్పు లేదు! మరి పగుళ్లు ఎందుకొచ్చాయి? నాకు తట్టిన జవాబు ఒక్కటే. దాన్ని నోరు జారి అనేశాను.

మా పెద్ద వెల్డరు నాన్న కంటే రెండేళ్లు చిన్న. నేను నడక నేర్చుకునే రోజుల నుంచి షెడ్డులో ఉన్నారు. "వెల్డు లోపలిదాకా పడలేదేమో బాబాయ్" అన్నాను. ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "ఆదివారం రా పాపా" అన్నారు. ఆ మధ్య మూడు రోజులూ నాతో మాట్లాడలేదు.

జూలై 14, ఆదివారం. పగిలిన అతుకు ఒకటి పక్కన దాచి ఉంచారట. దాన్ని వైసులో బిగించి, కటింగ్ చక్రంతో వెల్డుకు అడ్డంగా కోశారు. కోసిన ముఖాన్ని గ్రైండరుతో, ఆ తర్వాత ఎమరీ కాగితంతో అరగంట సేపు రుద్దారు. అద్దంలా మెరిసే ఆ ముక్కను వెలుగులోకి తిప్పి నా చేతిలో పెట్టారు. వెల్డు కరిగి గట్టిపడిన గట్టు, అంటే బీడు, దాని కింద ఖాళీ లేదు, కరగని చోటు లేదు. గీత బీడులో నుంచి రాలేదు. బీడు ముగిసి కాలు ముఖం మొదలయ్యే అంచున పుట్టి, కాలి గోడలోకి నేరుగా దిగింది. "వెల్డు పగల్లేదు. వెల్డు పక్కన ట్యూబు పగిలింది" అన్నారు. తప్పయిందన్నాను. ఆయన దానికీ ఏమీ అనలేదు, కానీ టీ తెప్పించారు.

ఆ ముక్క చేతిలో ఉండగానే, ఏదో తోచక, వెర్నియరు తీసి గోడ మందం చూశాను. 2.6 వచ్చింది. ఇంకో వైపు చూశాను. అక్కడా 2.6. "బజారులో 3 అంటే ఇంతే తల్లీ, అందరికీ తెలిసిందే" అన్నారు నాన్న. నాకు తెలియదు. కంప్యూటర్‌కూ తెలియదు. పల్చటి రేకు వంగే తీరు మందానికి ఘనం లెక్కన మారుతుంది కాబట్టి, 3 బదులు 2.6 అంటే ఆ ముఖానికి ఉండవలసిన బిగువులో మూడో వంతుకు పైగా లేనట్టే.

మరి ముఖం బిగువు ఎందుకంత ముఖ్యమంటే, మా అతుకు తీరు అలాంటిది. 50 కాలి మీద 40 కమ్మీ. కమ్మీ పక్క గోడలు కాలి పక్క గోడలకు ఎదురుగా లేవు, కాలి ముఖం నడుమ నిలబడి ఉన్నాయి. ఫ్రేము ఊగినప్పుడల్లా కమ్మీ ఆ ముఖాన్ని ఒకవైపు నొక్కుతూ, మరోవైపు లాగుతూ ఉంటుంది. ముఖం తప్పెట చర్మంలా పనిచేస్తుంది. బీమ్ మోడల్‌లో అతుకంటే ఒక చుక్క. ఆ చుక్క వంగదు. అందుకే నాకు 31 వచ్చింది.

ఇక అసలు ట్యూబు ఆకారంతోనే చేయాలి. ట్యూబు గోడలను పల్చటి రేకుల్లా చిన్న ముక్కలుగా విడగొట్టే షెల్ ఎలిమెంట్లతో మొదలుపెట్టాను. అక్కడ ఇంకో చిక్కు. క్యాల్క్యులిక్స్ షెల్ ఎలిమెంట్లను లోపల ఘనాలుగా ఉబ్బించి లెక్క కడుతుంది. రెండు మూడు గోడలు కలిసే గీత దగ్గర వాటిని బిగుసుకుపోయిన ముడిగా కట్టేస్తుంది. సరిగ్గా నేను చూడాలనుకున్న చోటే! ఇది తెలియక నాలుగు రాత్రులు పోయాయి. చివరికి ట్యూబు గోడ మందంతో సహా పూర్తి ఘనంగా గీసి, వెల్డు బీడును కూడా 4 మిల్లీమీటర్ల త్రికోణంగా గీశాను. తొందరలో మొదటి ఆర్డరు నాలుగు ముఖాల ఎలిమెంట్లు పెడితే 39 హెర్ట్జ్ వచ్చింది. ఆ ఎలిమెంట్లు వంగడానికి మొరాయిస్తాయి. అలాంటివి వంపు లెక్కకు పనికిరావు. అంచులు వంగగల రెండో ఆర్డరుకు మారిస్తే ల్యాప్‌టాప్ మెమరీ చాలక లెక్క మధ్యలో ఆగిపోయింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి వెళ్లి 1,900 పెట్టి ఇంకో 8 జీబీ వేయించాను. మొత్తం వ్యవహారంలో నేను నవ్వుతూ పెట్టిన ఖర్చు అదొక్కటే.

జూలై 21, లష్కర్ బోనాల ఆదివారం. షెడ్డు మూత. ఇంట్లో అందరూ గుడికి వెళ్తే నేను లెక్క నడిపించాను. ట్యూబు 3 మిల్లీమీటర్లయితే 28.5, 2.6 అయితే 26.4. దిగుతోంది. 24 వైపే దిగుతోంది. సాయంత్రం నాన్న వచ్చి తెర మీద ఫ్రేము ఊగే బొమ్మ చూసి, "ఇంత వంకర పోతోందా!" అని కుర్చీ పట్టుకున్నారు. సాఫ్ట్‌వేరు కంటికి కనబడటం కోసం ఊపును కొన్ని వందల రెట్లు పెంచి చూపిస్తుందని చెప్పడానికి కాసేపు పట్టింది. ఇలాంటి రిపోర్టు చూపించేటప్పుడు ఆ సంగతి మొదటే చెప్పడం మంచిది. పెద్దవాళ్లకు గుండె దడ తప్పుతుంది.

ఫ్రీక్వెన్సీ సంగతి అలా ఉండగా, బలం లెక్కలో నన్ను రెండు వారాలు తిప్పిన విషయం ఒకటుంది. వెల్డు అంచున ఒత్తిడి ఎంత? మెష్ గడి (ఒక్కో ఎలిమెంటు కొలత) 10 మిల్లీమీటర్లుంటే 19 మెగాపాస్కల్, 5 అయితే 26, 2.5 అయితే 37, 1 అయితే 58. ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరుగుతుంది. ఏ అంకె కావాలంటే ఆ అంకె చూపించగలను! ఒక రాత్రి నిజంగానే ఆ పాడు ఆలోచన వచ్చింది, 5 దగ్గర ఆపి '26 మాత్రమే, భద్రం' అని రాసేద్దామా అని. తర్వాత చదివితే అర్థమైంది. పదునైన లోపలి మూలకు గణితంలో నిలకడైన ఒత్తిడి ఉండదు. గడి ఎంత సన్నమైతే అంకె అంత పైకి పోతుంది. అది ఉక్కు గుణం కాదు, గీసిన మూల గుణం.

దీనికి అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ ఒక పద్ధతి పెట్టింది. అంచు దగ్గర చదవకూడదు. అంచు నుంచి రేకు మందంలో 0.4 వంతు దూరాన ఒకసారి, పూర్తి మందమంత దూరాన ఇంకోసారి ఒత్తిడి చదవాలి. మొదటిదాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి. అంటే ఆ రెండు చుక్కల మీదుగా గీత గీసి అంచు దాకా పొడిగించడమే. నా ట్యూబుకు ఆ దూరాలు 1.04, 2.6 మిల్లీమీటర్లు. సరిగ్గా ఆ దూరాల్లో మెష్ చుక్కలు పడేట్టు గీత గీసి పెట్టుకోవాలి, లేకపోతే సాఫ్ట్‌వేరు పక్క చుక్కల నుంచి అందాజుగా తెస్తుంది. ఇలా చేశాక మెష్ మార్చినా జవాబు పెద్దగా కదల్లేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

కానీ ఒత్తిడి లెక్కకు మిషను నిజంగా ఎంత ఊగుతోందో తెలియాలి. ఇంపెల్లరు (బ్లోయరులో తిరిగే రెక్కల చక్రం) ఎంత అసమతూకంగా ఉందో ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. స్క్రబ్బరు గాలి కాబట్టి రెక్కల మీద ఉప్పు పేరుకుంటుంది, రోజురోజుకూ మారుతుంది. కొలవాలి. కొలిచే పరికరం అద్దె రోజుకు 6,000 అన్నారు. బదులుగా నా ఫోనులోనే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకున్నాను. నా ఫోను సెకనుకు 200 సార్లు కదలికను చదువుతుంది కాబట్టి 100 హెర్ట్జ్ దాకా చూడొచ్చు, 24కి అది చాలు.

ఇక్కడే నేను అసలు ఊహించని అడ్డు వచ్చింది. మందుల ఫ్యాక్టరీలోకి ఫోను రానివ్వరు. ద్రావకాల వాసన ఉన్న చోట ఫోను నిప్పుతో సమానం. జూలై 24న అర్జీ పెడితే 31కి అనుమతి వచ్చింది. అది కూడా బ్లోయరు బయట ఆరుబయట ఉంది కాబట్టి, భద్రతా అధికారి పక్కనే నిలబడతారన్న షరతు మీద. ఆఫీసుకు సెలవు పెట్టి తొమ్మిదిన్నరకే గేటు దగ్గర ఉన్నాను. లోపలికి పంపింది పన్నెండూ పదికి. ఇరవై నిమిషాల భద్రతా వీడియో, సంతకాలు, ఫోను కెమెరాకు స్టిక్కరు. భద్రతా బూట్లలో అన్నీ మగవాళ్ల కొలతలే, 8 నుంచి మొదలు. ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని నడిచాను.

మధ్యాహ్న భోజనాల వేళ ఇరవై నిమిషాలు మిషను ఆపారు. ఫోనును డబుల్ టేపుతో ఫ్రేము పై మూలకు అంటించి, షెడ్డు నుంచి తెచ్చుకున్న కొయ్య సుత్తితో అడ్డంగా ఒక్క దెబ్బ. గ్రాఫు పిచ్చిపిచ్చిగా వచ్చింది. ఫోనుకు రబ్బరు కవరు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కవరు తీసి మళ్లీ అంటించాను. ఈసారి నిటారుగా ఒకే శిఖరం. 24.6 హెర్ట్జ్. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాను, అన్నీ అటూ ఇటూగా అదే. పొడవు దిక్కున కొడితే 33, దానితో గొడవ లేదు. అడ్డంగా కొట్టినప్పుడు ఊపు అయిదారు సార్లలో సగానికి తగ్గుతోంది, అంటే ఊపును చంపే గుణం రెండు శాతం దగ్గర ఉంది.

24 చుట్ల మిషనుకు 24.6 ఊపు ఉన్న స్టాండు కట్టి ఇచ్చాం. ఉయ్యాల తిరిగి వచ్చే వేళకే ఎవరో తోస్తున్నట్టు, సెకనుకు 24 సార్లు, పగలూ రాత్రీ. ఊపు పదమూడు రెట్లకు తక్కువ కాకుండా పెరుగుతుంది. అక్కడే నిలబడి ఉన్న మేనేజరుకు ఫోను తెర చూపించాను. ఆయన తల ఊపి, "అయితే మీ కంప్యూటర్ ఎంతంటోంది?" అన్నారు. 26.4 అన్నాను. "రెండు తేడా ఉంది కదా" అన్నారు. ఉంది.

మిషను నడిపించాక ఇంకో కొలత తీసుకున్నాను. త్వరణం సెకను వర్గానికి 2.7 మీటర్లు. ఫ్రీక్వెన్సీని 2π తో గుణించి, ఆ వచ్చినదాని వర్గంతో దాన్ని భాగించి చూస్తే ఫ్రేము పైభాగం అటూ ఇటూ 0.12 మిల్లీమీటర్లు కదులుతోంది. చేత్తో తాకితే చీమలు పాకినట్టుంది, కంటికేమీ కనబడదు.

ఆ రెండు తేడా ఎక్కడిదో వచ్చే ముందు కాళ్ల దగ్గర వంగి చూస్తే తెలిసింది. కాళ్ల కింది 6 మిల్లీమీటర్ల బేస్ ప్లేటు నేలకు రెండు బోల్టులతోనే బిగిసి ఉంది, మిగతా అంచు సిమెంటుకు ఆనలేదు, కింద విజిటింగ్ కార్డు దూరింది. నేనేమో ప్లేటు మొత్తాన్ని నేలకు కరిపించాను. ఇంటికొచ్చి బోల్టుల చోట్ల మాత్రమే పట్టి లెక్క కడితే 24.9. ఆ అంకె చూసి కాసేపు ఏమీ చేయలేదు. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

ఇప్పుడు 0.12 కదలికను అదే మోడల్‌కు ఇచ్చి వెల్డు అంచున పద్ధతి ప్రకారం ఒత్తిడి చదివాను. అటు నుంచి ఇటుకు మొత్తం తేడా 66 మెగాపాస్కల్. ఉక్కు లొంగే ఒత్తిడిలో ఇది ఎంతో కొంచెం. అందుకే నాన్న ఏనుగు మాట అన్నారు, బరువు దృష్ట్యా ఆయన చెప్పింది నిజమే. కానీ అలసట, అంటే పదేపదే ఊగి లోహం పగలడం, దాని లెక్క వేరు. ఇలాంటి వెల్డుకు వెల్డింగ్ సంస్థ ఇచ్చిన తరగతి ఫ్యాట్ 90, అంటే 90 మెగాపాస్కల్ తేడాను 20 లక్షల ఊపుల దాకా తట్టుకోవచ్చు. పుస్తకంలో 20 లక్షలంటే ఏదో చాలా పెద్ద అంకెలా ఉంటుంది. సెకనుకు 24 చొప్పున రోజుకు ఎన్ని? 20,73,600. ఆ పెద్ద అంకె మా బ్లోయరుకు ఒక్క రోజు! పదకొండు రోజులకు 2 కోట్ల 28 లక్షలు. కోటి ఊపులు దాటాక నిలబడాలంటే ఆ 90 కాస్తా 52.6కు పడిపోతుంది. మాది 66. పగలకపోతేనే వింత.

గసెట్ల కథా తేలింది. వాటితో లెక్క కడితే ఫ్రీక్వెన్సీ ఒక్క హెర్ట్జ్ కూడా పెరగలేదు. పైగా 6 మిల్లీమీటర్ల రేకు కొన 2.6 మిల్లీమీటర్ల ముఖం నడుమ మేకులా గుచ్చుకుని అక్కడ ఒత్తిడిని పెంచింది. నాన్నకు ఇది చెప్పడానికి మాత్రం రెండు రోజులు ఆగాను.

కొత్త డిజైన్ వారంలో అయింది, దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నాన్న ఐమూల కమ్మీలు వేద్దామన్నారు. మోడల్‌లో అవి వేస్తే 51కి పోయింది, మిషను వేగానికి రెట్టింపైన 48కి మరీ దగ్గర (ఆ రెట్టింపు దగ్గరా మిషను కాస్త ఊపుతుంది). పైగా కింద డ్రెయిన్ వాల్వు తిప్పడానికి చేయి దూరదని ఫ్యాక్టరీ వాళ్లు ముందే వద్దన్నారు. చివరికి కాళ్లూ కమ్మీలూ అన్నీ ఒకే వెడల్పుకు తెచ్చాం, 60 మిల్లీమీటర్లు, 4 మందం. ఇప్పుడు కమ్మీ పక్క గోడ కాలి పక్క గోడకే ఎదురుగా వస్తుంది, తప్పెట మోగదు. బేస్ ప్లేటు 12 మిల్లీమీటర్లు, నాలుగు బోల్టులు, కింద ఖాళీ నింపే సిమెంటు గ్రౌటు. 37.2 హెర్ట్జ్, 24కూ 48కీ నడుమ.

ఆగస్టు 9న 14 పేజీల రిపోర్టు ఇచ్చాను. 20 దాకా ఉలుకూ పలుకూ లేదు. ఆ పదకొండు రోజులు నాన్న రోజూ రాత్రి "మెయిల్ వచ్చిందా" అని అడగడం, నేను లేదనడం. వచ్చిన జవాబు రెండు ముక్కలు: సరే, చేయండి.

ఈసారి రాణీగంజ్‌కు నేనూ వెళ్లాను. భారత ప్రమాణం ఐఎస్ 4923 ముద్ర ఉన్న ట్యూబే కావాలన్నాను. దుకాణంలో వెర్నియరు తీస్తే యజమాని నవ్వాడు. కొలిస్తే 3.9 వచ్చింది. 80 కిలోలు, కిలో 72 చొప్పున 5,760.

సమాన వెడల్పు ట్యూబులు అతికించడం బాబాయ్‌కు మాత్రం తలనొప్పి అయింది. ట్యూబు మూలలు గుండ్రం కాబట్టి, అక్కడ కమ్మీ అంచుకూ కాలికీ మధ్య సందు మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి ముందు ఒక బీడు, దాని మీద ఇంకొకటి. వెల్డు మొదలూ చివరా మూలల్లో పడకూడదు, ముఖం నడుమ పడాలి అని రిపోర్టులో చదివి వినిపించాను. "ఇది నాకు ఎప్పటినుంచో తెలుసు పాపా. కానీ రాడ్డు ఎక్కడ అయిపోతే అక్కడే కదా ఆపేది" అన్నారు. ఆ తర్వాత మాత్రం ప్రతి మూలకూ ముందు చేతిలోని రాడ్డు ఎంత మిగిలిందో చూసుకుని, చాలదనిపిస్తే కొత్తది పెట్టుకోవడం గమనించాను. సగం రాడ్డులు ఒక డబ్బాలో పోగయ్యాయి.

ఆగస్టు 29, గురువారం బిగించారు. మళ్లీ గేటు, మళ్లీ గుడ్డ కుక్కిన బూట్లు. తట్టి చూస్తే 36.1. మిషను నడుస్తుండగా త్వరణం 0.25, పాతదానిలో పదో వంతు. మేనేజరు ఫ్రేము మీద అరచేయి పెట్టి చాలాసేపు ఉంచారు. తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

లెక్క చూసుకుంటే, రెండు రిపేర్లకూ టెంపోకూ 9,000, కొత్త ఫ్రేముకు కూలీ, రంగు, రవాణాతో కలిపి 21,000, నా మెమరీ 1,900, మూడు రోజుల సెలవు. మొదటే ఈ ట్యూబు వాడి ఉంటే అదనంగా పట్టే ఉక్కు 32 కిలోలు, దాదాపు 2,300 రూపాయలు. ఈ అంకె నాన్నకు నేను చెప్పలేదు, ఆయనే వేసుకున్నారు. ఆపిన డబ్బులో 92,000 సెప్టెంబరు 26న వచ్చాయి. మిగిలిన 18,000 ఆరు నెలలు నడిచాక ఇస్తారట.

ఇది రాస్తున్నది అక్టోబరు 13న. ఆగకుండా నడిచి ఉంటే ఈ 45 రోజుల్లో 9 కోట్ల 33 లక్షల ఊపులు. బాబాయ్ రెండు వారాలకోసారి వెళ్లి అతుకుల మీద ఎర్ర రంగు చల్లి, తుడిచి, తెల్ల పొడి కొట్టి చూసి వస్తున్నారు. గీత ఏదైనా ఉంటే తెలుపులో ఎర్రగా పైకి తేలుతుంది. మూడుసార్లు చూశారు, ఏమీ తేలలేదు.

నిన్న దసరా. షెడ్డులో ఆయుధ పూజకు వెల్డింగ్ మిషను, గ్రైండర్లు, డ్రిల్లుల వరుసలో నాన్న వెర్నియరు కూడా పెట్టి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. పొద్దున చూస్తే దాని దవడలు కదలడం లేదు. కిరోసిన్‌తో కడిగాను. సున్నా దగ్గర ఇంకా కాస్త పట్టేస్తోంది.